తాతగారు అండమాన్ ఎందుకు వెళ్ళారు?

విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు పదకొండు పేజీల ఉత్తరం రాశారు. పేరు బయటపెట్టవద్దని కోరారు కనుక, విషయం చెడకుండా కుదించి ఇక్కడ చెబుతున్నాను. ఆమెకు యాభై తొమ్మిదేళ్ళు. ఇప్పుడు శ్రీ విజయపురం అని పిలుస్తున్న పోర్ట్ బ్లెయిర్‌లో పుట్టి, అక్కడే తెలుగు మాధ్యమంలో చదువుకుని, పెళ్ళయ్యాక విశాఖ వచ్చి, ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. ఆమె తాతగారు 1913లో అప్పటి విశాఖ జిల్లాలోని ఒక పల్లె నుంచి ద్వీపాంతరవాస శిక్ష మీద అండమాన్ చేరారు. శిక్షలో కొన్నేళ్ళు గడిచాక, సొంతంగా సాగు చేసుకుని బతకడానికి ఖైదీలకు ఇచ్చే అనుమతి చీటీ ఆయనకు దొరికింది. సిప్పీఘాట్ దగ్గర కొంత నేల బాగుచేసుకుని వరి పండించారు, అక్కడే పుట్టిన మరో ఖైదీ దంపతుల కూతురిని పెళ్ళాడారు, 1951లో కన్నుమూశారు. తండ్రి చాథమ్ రంపపు మిల్లులో గుమాస్తాగా పనిచేశారు. తల్లి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన మత్స్యకారుల ఆడపడుచు. ఇంట్లో తెలుగు నిలిచింది ఆ తల్లి వల్లనే.

పదవీ విరమణ తరువాత ఈ పాఠకురాలు ఆ దీవుల చరిత్ర గురించీ, నేల గురించీ, మనుషుల గురించీ తెలుగులో ఒక పుస్తకం రాయడం మొదలుపెట్టి, నాలుగేళ్ళలో మూడు వందల పేజీలు పూర్తిచేశారు. చిక్కు రెండో అధ్యాయంలో వచ్చింది. తాతగారు తెల్లదొరను కొట్టినందుకు అండమాన్ వెళ్ళారని ఇంట్లో అందరూ నమ్ముతారు. పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంటున్న ఆమె అన్నగారు ప్రతి ఆగస్టు 15న తాతగారి పటానికి దండ వేసి, దగ్గరలోని బడిలో స్వాతంత్ర్య యోధుని మనవడిగా నాలుగు మాటలు చెబుతారు. కానీ పుస్తకం కోసం పాత రికార్డులు వెతుకుతుండగా, శిక్ష తగ్గింపు కోరిన ఖైదీల జాబితా ఒకటి ఆమెకు దొరికింది. పొలం గట్టు తగాదాలో వరసకు అన్న అయ్యే మనిషిని చంపిన నేరానికి ఆయనకు శిక్ష పడిందని అందులో ఉంది. ఆ సంగతి అన్నగారికి చెబితే, “అది అచ్చయిన రోజు నుంచి నాకు చెల్లెలు లేదు” అన్నారట. ఆయన కూతురికి ఇరవై ఏడేళ్ళు, విజయనగరం వైపు సంబంధం మాట్లాడుతున్నారు. పెళ్ళివారికి తాతగారి ఘనత ముందే చెప్పారు.

రెండో చిక్కు ప్రచురణకర్తది: సెల్యులర్ జైలు, విప్లవకారులు ఉన్న అధ్యాయాలు పెంచమనీ, తక్కినవి తగ్గించమనీ ఆయన సలహా. మూడోదాన్ని ఆమె చిక్కుగా చెప్పలేదు, ఉత్తరం చివర అడిగిన చిన్న సందేహంగా రాశారు. నాలుగో అధ్యాయం ఆదిమ తెగల గురించి. దానిని బ్రిటిష్ అధికారుల పాత గ్రంథాల ఆధారంగా రాశారు. తండ్రి పెట్టెలో 1980ల నాటి ఫొటోలు మూడు ఉన్నాయి. కొబ్బరికాయలు, అరటిగెలలు తీసుకుని, ఆ తెగల్లో ఒకటైన జారవాల తీరానికి వెళ్ళిన పడవ మీద ఎవరో తీసినవి. వాటిని పుస్తకంలో వేయవచ్చునా అని అడిగారు. “నిజం రాయాలా, అన్నయ్యను నిలుపుకోవాలా, మీరే చెప్పండి” అని ముగించారు.

అమ్మా,

“నిజమా, అన్నయ్యా” అన్న మాట మీ ఉత్తరంలో నాలుగు చోట్ల వచ్చింది. ఆ రెండింటిలో ఒకటే మిగులుతుందని అప్పుడే తీర్మానించుకోకండి. రాయడం ఒక నిర్ణయం, ఏ పేర్లతో రాయాలన్నది ఇంకొకటి, అచ్చుకు ముందు ఎవరికి చూపించాలన్నది మరొకటి. అన్నిటినీ మూటగట్టి అన్నగారి ముందు ఒకేసారి దించారు, ఆయన మూట మొత్తాన్నీ తోసేశారు. విడదీసి చూస్తే ఆయన అభ్యంతరం వీటిలో దేనికో మీకూ ఆయనకూ కూడా తెలియవచ్చు.

దానికన్నా ముందు తేల్చవలసినది ఒకటుంది. ఆ జాబితాలో ఉన్నది మీ తాతగారేనా? మీరు పేరు, జిల్లా, సంవత్సరం సరిపోయాయని రాశారు. అది చాలదు. మన పేర్లను ఆనాటి గుమాస్తాలు ఇంగ్లీషు అక్షరాల్లోకి ఎలా దించారో పాత కాగితాలు చూసినవారికి తెలుసు. ఒకే మనిషి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉంటుంది, ఒకే పేరు గల ముగ్గురు ఒకే ఏడాది ఒకే జిల్లా నుంచి వెళ్ళి ఉండవచ్చు. అందుకే ఖైదీ నంబరు ముఖ్యం. మీ నాయనమ్మ దాచిన చెక్క బిళ్ళ ఇంకా అన్నగారి దగ్గరే ఉందని ఉత్తరంలో ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు. అది ఆటవస్తువు కాదు. ఖైదీల మెడలో అలాంటి బిళ్ళలు వేలాడదీసేవారు, వాటి మీద నంబరూ, శిక్షకు సంబంధించిన వివరాలూ ఉండేవి. అక్షరాలు చెరిగిపోకుండా ఉంటే, జాబితాలోని నంబరుతో పోల్చండి. విశాఖ అప్పుడు మద్రాసు రాజధానిలో భాగం కనుక, అసలు తీర్పు కోసం చెన్నైలోని ఎగ్మూరులో ఉన్న అభిలేఖాగారంలో వెతకవచ్చు. ఢిల్లీలోని జాతీయ అభిలేఖాగారం వారి ‘అభిలేఖ్ పటల్’లో హోం శాఖ పోర్ట్ బ్లెయిర్ విభాగం కాగితాలు ఇంట్లో కూర్చునే చూడవచ్చు. మీకు దొరికిన పేజీ అక్కడిదే అనుకుంటాను. తీర్పు దొరికే వరకు రెండో అధ్యాయం గురించి ఎవరితోనూ వాదించకపోవడం మంచిది. బిళ్ళ అన్నగారి దగ్గర ఉండడం వల్ల మీకు ఒక ఇబ్బంది ఉంది, ఒక అవకాశం కూడా ఉంది. దాని గురించి చివర మళ్ళీ చెబుతాను.

తీర్పు దొరికి, ఆ మనిషి మీ తాతగారేనని తేలిందనుకుందాం. అప్పుడు కూడా ఆ కాగితం చెప్పేది పరాయి ప్రభుత్వం నడిపిన కోర్టు, దుబాసీల నోటి మీదుగా విని, ఇంగ్లీషులో రాసుకున్న మాట. గట్టు తగాదా వెనుక ఏముందో, ఎవరు ముందు కర్ర ఎత్తారో అందులో పూర్తిగా ఉండకపోవచ్చు. ఈ అనుమానాన్ని రాయడానికి మీకు హక్కుంది. కానీ ఆ అనుమానాన్ని సాగదీసి గట్టు తగాదాను తిరుగుబాటుగా మార్చడానికి మాత్రం వీల్లేదు. మీ జిల్లాల నుంచి తిరుగుబాటుదారులు అండమాన్ వెళ్ళిన మాట నిజమే. 1879లో మొదలైన రంప తిరుగుబాటులో పట్టుబడిన కొందరిని అక్కడికే పంపారు. ఆ పేరు వారికి చెందాలి.

ఇంటి కథ ఎప్పుడు పుట్టిందో కూడా ఆలోచించారా? మీ చిన్నతనంలో నాన్నగారు తాతగారి శిక్ష గురించి ఎప్పుడూ మాట్లాడలేదని మీరే రాశారు. ఖైదీల సంతతిని అక్కడ ‘లోకల్ బార్న్’ అంటారు. కులం, మతం, భాష కలగలిసిన పెళ్ళిళ్ళతో ఏర్పడిన సమాజం అది. మీ తాతగారు ఎందుకు వచ్చారని అడగడం అక్కడ మర్యాద కాదు, అవసరమూ లేదు, అడిగినవాడి తాతా అదే ఓడలో వచ్చి ఉంటాడు కనుక. అండమాన్ జైలులో ఉన్న రాజకీయ ఖైదీలకు 1969లో ప్రభుత్వం పింఛను ప్రకటించింది. 1979 ఫిబ్రవరి 11న సెల్యులర్ జైలును జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఆ తరువాత ప్రధాన భూభాగం నుంచి వచ్చే ప్రతి యాత్రికుడూ ఆ గోడల మీది పేర్లు చదివి, ఊళ్ళో కనిపించినవారిని “మీ వాళ్ళూ ఇందులో ఉన్నారా?” అని అడగడం మొదలైంది. ఆ ప్రశ్నకు జవాబు కావలసి వచ్చింది. మీ నాన్నగారో, మీ అన్నగారో పనిగట్టుకుని అబద్ధమాడారని అనుకోను. ఒకరు “కావచ్చు” అన్నది, మరొకరు “అట” అన్నది, మూడోవారి నోట “అవును” అయి ఉంటుంది. మీ కుటుంబం ఆ పేరు మీద ఏ పింఛనూ తీసుకోలేదని రాశారు, కాబట్టి ఆ వైపు నుంచి చిక్కు లేదు.

పైగా, తాతగారికి చరిత్రలో చోటు దొరకాలంటే ఆయన విప్లవకారుడే కానక్కరలేదు. 1858 మార్చి 10న డాక్టర్ వాకర్ రెండు వందల మంది ఖైదీలతో అక్కడ దిగిన నాటి నుంచి, అడవి నరికినదీ, బురదనేలలు పూడ్చినదీ, 1896 నుంచి 1906 దాకా ఆ సెల్యులర్ జైలునే ఇటుక ఇటుకా పేర్చినదీ ఖైదీలే. వారిలో రాజకీయ ఖైదీల కన్నా, హత్య, దోపిడీ వంటి నేరాల మీద వెళ్ళినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. మొదటివారిలో చదువుకున్నవారు జ్ఞాపకాలు రాసుకున్నారు. 1866లో వెళ్ళి 1883లో తిరిగి వచ్చిన జాఫర్ థానేసరీ ఉర్దూలో రాశారు, ఆ తరువాతి విప్లవకారులు బెంగాలీలో, మరాఠీలో, ఇంగ్లీషులో రాశారు. గట్టు తగాదాలో హత్య చేసి వెళ్ళి, సిప్పీఘాట్‌లో వరి పండించిన మనిషి గురించి రాసేవారు అరుదు. క్లేర్ ఆండర్సన్ వంటి చరిత్రకారులు అటువంటి సామాన్య ఖైదీల బతుకులను రికార్డుల నుంచి ముక్కలు ముక్కలుగా ఏరి కూర్చవలసి వచ్చింది. మీ దగ్గర ముక్కలు కాదు, మనిషే ఉన్నాడు. ప్రచురణకర్త సలహాకు ఇదే నా జవాబు: విప్లవకారుల అధ్యాయాలు పెంచితే మీ పుస్తకం ఇప్పటికే ఉన్న ఇరవై పుస్తకాల పక్కన ఇరవై ఒకటోది అవుతుంది. పుస్తకం బహుశా త్వరగా అమ్ముడుపోతుంది, మీ నాలుగేళ్ళ పనిలో మీది అన్నది తగ్గుతుంది. ఆయన ఒప్పుకోకపోతే చిన్న ప్రచురణ సంస్థను వెతకడమో, కొంత సొంత ఖర్చు పెట్టుకోవడమో చేయాలి. విశ్రాంత ఉపాధ్యాయురాలికి అది చిన్న మాట కాదని తెలుసు.

ఇక రెండో అధ్యాయాన్ని ఎలా రాయవచ్చో చూద్దాం. అసలు పేర్లతో, ఊరితో, తీర్పుతో సహా రాయవచ్చు. పుస్తకానికి అంతకన్నా బలం లేదు. కానీ దానికి వెల ఉంది. మరణించిన మనిషి గురించి రాసినదైనా, ఆయన బతికి ఉంటే పరువు పోయేదీ, దగ్గరి బంధువులను నొప్పించే ఉద్దేశంతో రాసినదీ అయితే పరువునష్టం కిందికి రావచ్చునని భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ చెబుతుంది. నిజమై ఉండి, ప్రజాహితం కోసం ప్రకటించినదానికి మినహాయింపు కూడా అక్కడే ఉంది. మీ సందర్భంలో కేసు నిలుస్తుందని నేననుకోను, అయినా అచ్చుకు ముందు ఒక న్యాయవాదికి ఆ ఇరవై పేజీలు చదివించండి. కోర్టుకన్నా మీకు భయం వేయవలసినది పండుగలకు మోగని ఫోను. అన్నగారు మాట మీద నిలబడే మనిషైతే, ఆ వెల మీరు నిజంగానే చెల్లించాల్సి వస్తుంది.

పేరు, ఊరు మార్చి, “ఒక ఖైదీ కథ”గా రాయవచ్చు. పేర్లు మార్చానని ముందుమాటలో చెబితే అది మోసం కాదు. కానీ పోర్ట్ బ్లెయిర్ ఎంత ఊరు? సిప్పీఘాట్‌లో పొలం ఉన్న తెలుగు ఖైదీ ఎవరో గారాచర్మాలో టీ కొట్టు దగ్గర పావుగంటలో తేలిపోతుంది. అన్నగారి కోపం తగ్గదు, మీ పుస్తకంలో “మా తాతగారు” అన్న మాట మాత్రం పోతుంది. దూరపు పాఠకులకు నష్టం, దగ్గరివారికి లాభం లేదు. ఈ దారి నాకు అంతగా నచ్చలేదు, అయితే అన్నగారు దీనికి మాత్రమే ఒప్పుకుంటే కాదనవలసినంత చెడ్డదీ కాదు.

పెళ్ళి అయ్యేదాకా ఆగుదామని మీ వారు అన్నట్టు రాశారు. వినడానికి ఇది అందరికీ అనుకూలంగా ఉంది, మీ మేనకోడలికి తప్ప. పెళ్ళయిన ఏడాదికి పుస్తకం వస్తే, అత్తవారింట్లో ఆ అమ్మాయి “మీవాళ్ళు ముందు అలా చెప్పి, ఇప్పుడు ఇలా...” అన్న మాట పడాలి. నూట పదేళ్ళ కిందటి గట్టు తగాదాను పెళ్ళివారు క్షమించగలరు, మొన్న పెళ్ళిచూపుల్లో చెప్పిన మాటను క్షమించడం వారికి కష్టం. ఇంతకీ ఆ అమ్మాయికి ఇరవై ఏడేళ్ళని రాశారు గాని, ఆమె ఏమంటున్నదో ఒక్క ముక్క రాయలేదు. ఆమెకు అసలు తెలుసా? అన్నగారిని దాటి మీరు చెప్పడం వద్దు, కానీ ఆమెకు తెలియాలి అన్న మాటను అన్నగారితో మీరు అనవచ్చు. ఆగడమంటూ ఉంటే, ఆమెకు చెప్పి, ఆమె కోరితే ఆగండి.

నాలుగో దారి: ఇంటి కథనూ కాగితాన్నీ పక్కపక్కన పెట్టడం. తెల్లదొర కథను అన్నగారి మాటల్లోనే, ఆయన చెప్పిన తీరులోనే, వెక్కిరింపు లేకుండా రాసి, తరువాత రికార్డు ఏమంటున్నదో రాసి, ఈ రెండూ ఒకే ఇంట్లో ఎలా ఇమిడాయో వివరించడం. నాకు దీని మీద మొగ్గు ఉంది. దీనికి ఆయన సహకారం కావాలి, ఆయన ఇవ్వకపోవచ్చు. బడి పిల్లల ముందు ఆయన ఇన్నేళ్ళు చెప్పిన మాట ఇక చెప్పలేని స్థితి వస్తుందని గుర్తుంచుకోండి. మీకు అధ్యాయం అయినది ఆయనకు ఆగస్టు 15.

ఒక్క దారికి మాత్రం నేను తల ఊపలేను. అది కాగితం చూశాక కూడా ఆయనను యోధుడని అచ్చు వేయడం. కావాలంటే ఆ అధ్యాయమే తీసేయండి, ఆయన శిక్ష ఊసు లేకుండా పొలం గురించి మాత్రమే రాయండి. మౌనం రచయిత హక్కుల్లో ఒకటి. నేను తల ఊపకపోవడానికి కారణం చరిత్ర పవిత్రత వంటి పెద్ద మాట కాదు. మీ పదకొండు పేజీల్లో ఎక్కడా పేరు రాని మనిషి ఒకడున్నాడు. గట్టు మీద చనిపోయినవాడు. ఆయనకూ భార్యాపిల్లలు ఉండి ఉండవచ్చు. వారి మనుమలు ఇప్పటికీ ఆ పల్లెలోనే ఉండవచ్చు, వారి ఇంట్లోనూ ఒక కథ ఉండవచ్చు. మీ ఇంటి కథలో ఆయన స్థానంలోకి తెల్లదొర వచ్చి కూర్చోవడంతో, ఆ మనిషి రెండోసారి లేకుండా పోయాడు. అసలు పేర్లతో రాయాలని నిర్ణయించుకుంటే, ఆ పల్లెకు ఒకసారి వెళ్ళి రండి. తలుపు తట్టి పాత పగ గుర్తుచేయమని కాదు. ముందు ఊళ్ళో తెలిసిన పెద్దవారి ద్వారా కనుక్కుని, వారికి ఇష్టమైతేనే మాట్లాడండి. వారు వద్దంటే చనిపోయిన మనిషి పేరు మార్చండి. మీ తాతగారి పేరు బయటపెట్టడానికి మీకున్న అధికారం వారి తాతగారి విషయంలో మీకు లేదు.

ఇప్పుడు, మీరు చిన్న సందేహమన్న నాలుగో అధ్యాయం. మీరు పంపిన ముప్పై పేజీలు రెండుసార్లు చదివాను. ప్రధానంగా మీరు ఆధారపడినవి ఎడ్వర్డ్ హొరేస్ మాన్ రచనలు, పోర్ట్‌మన్ 1899లో రెండు సంపుటాలుగా వెలువరించిన చరిత్ర, 1906–08లో అక్కడ తిరిగి 1922లో మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ ప్రకటించిన గ్రంథం. ఇవి లేకుండా ఆ దీవుల మీద ఎవరూ రాయలేరు. పడవ కట్టే తీరు, విల్లు, వేట, పాటలు, చనిపోయినవారి ఎముకలను ధరించే ఆచారం వంటివి అంత వివరంగా మరెక్కడా దొరకవు. కానీ రాసినవారి చేతుల్లో ఇంకేముందో కూడా చూడాలి. 1880లో ఉత్తర సెంటినెల్ దీవి మీదకు సిబ్బందితో వెళ్ళి, ఒక వృద్ధ దంపతులను, నలుగురు పిల్లలను పట్టి పోర్ట్ బ్లెయిర్ తెచ్చింది ఈ పోర్ట్‌మన్. వారు జబ్బుపడ్డారు, పెద్దవాళ్ళిద్దరూ చనిపోయారు, పిల్లలను కానుకలిచ్చి తిరిగి దీవి మీద వదిలారు. ఇది ఆయనే రాసుకున్నది. మీరు దీనిని ఒక్క వాక్యంలో, “సంబంధాలు పెంచుకునే ప్రయత్నం ఫలించలేదు” అని రాశారు. ఆ వాక్యం మీది కాదమ్మా, దొరగారిది. తెలుగులోకి వచ్చినంత మాత్రాన మీది కాదు.

అలాగే, గ్రేట్ అండమానీయులు “క్రమంగా క్షీణించారు” అని రాశారు. మంచు కరిగినట్టు జనం తమంతట తాము క్షీణించరు. వారిని తెచ్చి పెట్టిన ‘అండమాన్ హోమ్’లు ఉన్నాయి, అక్కడ పాకిన సిఫిలిస్ ఉంది, 1877లో వచ్చిన తట్టు ఉంది. పది తెగలు కలిపి 1901 జనాభా లెక్కల్లో 625 మంది, 1961లో 19 మంది. ఈ సంఖ్యలు మీరు అనుబంధంలో ఇచ్చారు, అధ్యాయం మధ్యలోకి తీసుకురండి. అడవి నరకడంలో, ఆ ఊళ్ళు కట్టడంలో ఖైదీల చేతులూ ఉన్నాయి కనుక, సిప్పీఘాట్ పొలం అంతకుముందు ఎవరి వేటస్థలమో అడగవలసినది మీ తాతగారి అధ్యాయంలోనే. రెండో అధ్యాయం, నాలుగో అధ్యాయం వేర్వేరు కాదు.

దూధ్‌నాథ్ తివారీ సంగతి మీరు సరదా కథలా చెప్పారు. 1858లో పారిపోయిన ఖైదీ, ఏడాదికి పైగా అండమానీయులతో బతికి, అక్కడ పెళ్ళాడి, వారు దాడికి వస్తున్నారని తెలిసి ముందే వచ్చి అధికారులకు చెప్పేశాడు. 1859 మే 17న జరిగిన అబర్దీన్ పోరు అది. ఆయనకు క్షమాభిక్ష దొరికింది. ఆయన చెప్పినదంతా అధికారులు రాసుకున్నారు, ఇప్పటికీ చదవవచ్చు. ఆయన వదిలి వచ్చిన భార్య లీపా ఏమనుకుందో రాసుకున్నవారు లేరు. మీరు కల్పించి రాయమనడం లేదు, ఆ ఖాళీని ఖాళీ అని చెప్పమంటున్నాను.

దీనికి మరో తీరు పుస్తకాలూ ఉన్నాయి. గ్రేట్ అండమానీయుల భాష మీద పనిచేసిన అన్వితా అబ్బి, ఆ మాటలు చెప్పినవారిని పేరుపేరునా గుర్తించి నిఘంటువు కూర్చారు. బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరి 26న మరణించేలోపు చెప్పిన మాటలు ఆమె పేరుతోనే మిగిలాయి. పంకజ్ సేఖ్‌సరియా వ్యాసాల్లో అడవి, రోడ్డు, చట్టం ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో ఉంటుంది. విశ్వజిత్ పాండ్య రచనల్లో అక్కడి మరో తెగ అయిన ఒంగేలు మాట్లాడతారు. ఈ మూడూ చదివి, మీ అధ్యాయాన్ని మళ్ళీ రాయండి, ఆరు నెలలు పడుతుంది. అంత ఓపిక లేకపోతే, అధ్యాయాన్ని పది పేజీలకు కుదించి, “అధికారులు రాసినది ఇది, ఇంతకుమించి నాకు దారి లేదు” అని తేటగా చెప్పండి. పుస్తకం కొంత చిన్నదవుతుంది, నమ్మదగినదిగా ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు అచ్చువేస్తే అడ్డుకునేవారు బహుశా ఎవరూ ఉండరు, నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతున్నది అదే.

ఫొటోలు వేయవద్దు. ఆదిమ తెగల రక్షణకు 1956లో వచ్చిన నిబంధనలను 2012లో మరింత కఠినం చేశారు, జారవాల ఫొటోలు, వీడియోలు తీయడం, వాడుకోవడం మీద ఆంక్షలు ఉన్నాయి. పాత ఫొటోలకు ఇది ఎంతవరకు వర్తిస్తుందో న్యాయవాది చెప్పగలరు. నా అభ్యంతరం చట్టంతో ముగియదు. ఆ రోజుల్లో పడవ మీద కొబ్బరికాయలు తీసుకుపోయినవారు స్నేహం కోసమే వెళ్ళి ఉంటారు, మీ నాన్నగారు ఆ ఫొటోలు ప్రేమతోనే దాచి ఉంటారు. కానీ ఒడ్డున నిలబడినవారిని ఎవరూ అడగలేదు. తమను తాము ‘అంగ్’ అని చెప్పుకునే ఆ మనుషులకు మనం వాడే ‘జారవా’ అన్న పేరు కూడా పొరుగు తెగవారు పెట్టినదే. ఫొటోలను పారేయకండి. పోర్ట్ బ్లెయిర్‌లోని ఆంత్రోపొలాజికల్ సర్వే కార్యాలయానికి రాసి, ఎలా భద్రపరచాలో అడగండి. పుస్తకంలో వాటి స్థానంలో, పడవలో ఏమి తీసుకువెళ్ళేవారో, తిరిగి వచ్చి నాన్నగారు ఇంట్లో ఏమి చెప్పేవారో రాయండి. అది మీకు మాత్రమే తెలిసినది.

మీ అన్నగారు కోపంగానైనా మీ ముందు నిలబడి “వద్దు” అనగలిగారు. ఆ ఒక్క మాటతో మీరు నిద్ర మానేసి పదకొండు పేజీలు రాశారు. లీపా అనలేకపోయింది, గట్టు మీద పోయిన మనిషి అనలేడు, పడమటి తీరపు అడవిలో ఉన్న జారవాలకు మీ పుస్తకం ఉందన్న సంగతే తెలియదు. అన్నగారికి ఇస్తున్న శ్రద్ధలో నాలుగో వంతు వీరికీ ఇవ్వండి. ఆయనకు ఇచ్చేది తగ్గించనక్కరలేదు.

అన్నగారి సంగతికి వస్తే, ఫోనులోనూ ఉత్తరంలోనూ ఇది తేలేది కాదు. వీలైతే వెళ్ళండి. విశాఖ నుంచి ఓడ ఎక్కితే రెండున్నర రోజులు పడుతుంది. విమానంలో త్వరగా చేరవచ్చు గాని, మీ తాతగారిలాగే ఓడలో ఒకసారి ప్రయాణం చేయడం పుస్తకానికీ మంచిదే. వెళ్ళిన మొదటి రోజు కాగితం బయటికి తీయకండి. 2004 డిసెంబర్ 26న దక్షిణ అండమాన్ నేల సుమారు మీటరు కుంగి, సిప్పీఘాట్ పొలాలు ఉప్పునీటి పాలయ్యాయి కదా. పోటు తీసి నీళ్ళు తగ్గిన వేళ చూసుకుని ఇద్దరూ ఆ గట్టు దాకా నడిచి వెళ్ళండి. వరి ఎక్కడిదాకా ఉండేదో, ఎండుగడ్డి ఎక్కడ వేసేవారో మీకన్నా పెద్దవారు కనుక ఆయనకే బాగా గుర్తుంటుంది. చెప్పమని అడిగి, రాసుకోండి. ఆ మాటలు ఏ అధ్యాయంలో వచ్చినా ఆయన పేరుతోనే వేస్తానని అక్కడే చెప్పండి. ఇంటికి వచ్చాక నాయనమ్మ చెక్క బిళ్ళ చూపించమనండి. నంబరు చదవడానికి మీ కళ్ళద్దాలు ఆయనకే ఇవ్వండి.

ఆయన ఒప్పుకోకపోతే, బిళ్ళ చూపించకపోతే, మీరు తిరిగి విశాఖ వచ్చి ఆ అధ్యాయాన్ని ఒక ఏడాది పక్కన పెట్టి, నాలుగోదాని మీద పని చేయవచ్చు. ఆయన బిళ్ళ చేతికిస్తే మాత్రం, తెల్లదొర సంగతి తప్పని వెంటనే మొదలుపెట్టకండి. ఆ కథ మొట్టమొదట ఎవరి నోట విన్నారో, అప్పుడు ఇంట్లో ఇంకా ఎవరెవరు ఉన్నారో అడగండి.